తలుపు వెనక చార్టు

ఇది నేను చెబుతుంటే మా అమ్మాయి హేమ టైపు చేస్తోంది. మా ఊరు ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్లో కాలేజీ పిల్లలకి జిరాక్సులు తీసి, ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసిపెట్టే షాపులో తను పనిచేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం షాపులో జనం ఉండరు కాబట్టి నన్ను స్కూటీ వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చి, ఫ్యాను కింద కుర్చీ వేసింది. "ఏటి సెప్తావో సెప్పు నాన్నా, నేను మార్సను," అంది. మార్చదనే నమ్ముతున్నాను. మార్చినా నాకు తెలిసే దారి లేదు.

నా కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి ఎదురుగా ఉన్నది మనిషేనని తెలుస్తుంది, ఎవరో తెలియదు. ముక్కు వెనక, కళ్ళకి దగ్గర్లో ఉండే గాలిగదుల్లో బూజు పట్టి, మెల్లిగా పెరిగి, కంటినరాన్ని నొక్కేసింది. రొట్టె మీదా పచ్చడి జాడీ మీదా పట్టే బూజుకి చుట్టమే అది. ఇప్పుడు ఆగింది. ఆగిందన్న సంతోషం నాకు పెద్దగా లేదు, అబద్ధమెందుకు. అయినా చెప్పాలని కూర్చున్నాను, ఎందుకంటే నేను చేసిన పని మావాళ్ళు ఇంకా చేస్తూనే ఉన్నారు.

ఆ పనేమిటో చెప్పాలంటే మా నాన్న దగ్గర మొదలుపెట్టాలి.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో రైల్వే కలాసీగా, అంటే బరువులు మోసే పనివాడిగా చేరాడు. నాన్న అదే షాపులో క్రేన్ డ్రైవరయ్యాడు. షెడ్డు కప్పు కింద అటూ ఇటూ నడిచే క్రేన్, దానికి వేలాడే చిన్న క్యాబిన్. నిచ్చెనెక్కి అందులో కూర్చుంటే షాపంతా కాళ్ళ కింద ఉంటుంది. రైల్వేలో కొన్నేళ్ళకోసారి మెడికల్‌కి పంపుతారు. అందులో కంటిచూపు తగ్గిందని తేలితే ఇక క్రేన్ ఎక్కనివ్వరు. ఉద్యోగం పోదు, జీతం పోదు, వేరే పని ఇస్తారు. దాన్ని మేం డీకేటగరీ అవడం అంటాం. నాన్న అలా దిగాడు. ఒక ఆఫీసరు గది బయట స్టూలు మీద కూర్చోబెట్టారు. బెల్లు మోగితే లేచి ఫైలు పట్టుకెళ్ళాలి. ఓ రోజు నేను క్యారేజీ ఇవ్వడానికి వెళితే, నన్ను చూసి స్టూలు మీంచి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఎవరో ఆఫీసరు వస్తున్నాడనుకున్నాడు. నా వయసప్పుడు పదో పదకొండో.

ఆ సాయంత్రమే నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టాడు. మెడికల్ గదిలో గోడకి వేలాడే చార్టులోని ఇంగ్లీషు అక్షరాలు, పై వరస నుంచి కింది వరస దాకా. ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ. పక్కింటి పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే, నేను ఎక్కాలూ అప్పజెప్పి ఇవీ అప్పజెప్పేవాణ్ణి. "రేప్పొద్దున్న కన్ను మోసం సేసినా నోరు మోసం సెయ్యకూడదొరే సింహాచలం," అనేవాడు. ఆయనకి అవి ఆలస్యంగా దొరికాయి. నాకు మాత్రం ముందే దొరకాలన్నది ఆయన ఆశ. నేనూ ఆయనలాగే క్రేన్ డ్రైవర్నయ్యాను గాని, రైల్వేలో చేరకముందే మెడికల్ పాసైపోయాను.

వానలు

కరోనా భయం సద్దుమణిగాక వచ్చిన వానల్లో నాకు జలుబు చేసింది. కుడివైపు ముక్కు మూసుకుపోయింది, మళ్ళీ తెరుచుకోలేదు. గోల్‌బజార్ నుంచి తెచ్చిన ఎండుచేపలు మా ఆవిడ పార్వతి వేయిస్తే వీధి చివరివాళ్ళకి తెలుస్తుంది. ఆ రోజు పెనం పక్కనే నిలబడ్డ నాకు తెలియలేదు. "నీకు ముక్కు నేదు మావా, నీకు వొండడం దండగ," అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆవిరి పట్టాను. పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చాను. చీదితే తుప్పు రంగులో చిక్కగా వచ్చేది, అది షాపు దుమ్మనుకున్నాను. మాది తుప్పూ ఇనుప రజనూ నిండిన షాపు, ముక్కులోంచి మల్లెపూలు రాలతాయా? కుడి చెంప మొద్దుబారింది. గడ్డం గీసుకుంటే బ్లేడు తగిలినట్టు తెలిసేది కాదు. నాకు షుగరుంది. మాత్ర గుర్తుంటే వేసుకునేవాణ్ణి, గుర్తు లేకపోతే రేపటి నుంచి వేసుకుందాంలే అనుకునేవాణ్ణి.

విశ్వకర్మ పూజ

ఆ రోజు వర్క్‌షాపు గేట్లు ఇంట్లోవాళ్ళకి కూడా తెరుస్తారు. ఆడవాళ్ళు కొత్త చీరలు కట్టుకుని లేత్ మిషన్ల మధ్య తిరుగుతారు, పిల్లలు మా నాన్న మిషను ఇదంటే మా నాన్న మిషను ఇదని కొట్టుకుంటారు. నా క్రేన్‌కి ఎర్ర కాగితపు తోరణాలు కట్టాం. కట్టింది నేనూ, అప్పలనాయుడూ.

నాయుడు గురించి చెప్పాలి. క్రేన్ మీద ఉన్నవాడికి కింద ఒక మనిషి కావాలి. కొక్కెం తగిలించి, ఎత్తు, దించు, ఆపు అని చేత్తో సైగలు చేసేవాడు. ఏళ్ళ తరబడి నాకు ఆ చెయ్యి నాయుడిదే. ఆ గోలలో మాట వినపడదు కాబట్టి, పైనుంచి స్పష్టంగా కనపడాలని మణికట్టుకి ఎర్రగుడ్డ చుట్టుకునేవాడు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. రోజూ పొద్దున్న ఆరింటికి మా క్వార్టరు ముందు సైకిలాపి రెండుసార్లు బెల్లు కొట్టేవాడు. ఇద్దరం కలిసే డ్యూటీకి వెళ్ళేవాళ్ళం.

పూజయ్యాక ప్రసాదం తింటుంటే ఎడమకంట్లో నలకపడింది. ఆ కన్ను మూసి రుద్దుకుంటూ పైకి చూశాను. తోరణాలు ఎర్రగా లేవు. తడిసి వెలిసిపోయిన ఇటుక రంగులో ఉన్నాయి. ఎడమకన్ను తెరిచాను, ఎర్రగా ఉన్నాయి. మూశాను, వెలిసిపోయాయి. నేను అలా మూస్తూ తెరుస్తూ ఉంటే నాయుడు చూసి, "ఏటి బావా, ఎవులికి కన్ను కొడతన్నావు?" అన్నాడు. అందరూ నవ్వారు.

తోరణాల సంగతి ఎవరికీ చెప్పలేదు.

చలి

గోల్‌బజార్‌లో కళ్ళజోళ్ళు చేసే బెంగాలీ దాదా దగ్గరికి వెళ్ళాను. అద్దాలు మార్చి మార్చి చూశాడు. ఏ అద్దం పెట్టినా కుడికంటి ముందు మధ్యలో మంచు పట్టినట్టే ఉంది. చివరికి అద్దాల పెట్టె మూసేసి, "చష్మా సే నహీ హోగా దాదా. డాక్టర్ కో దిఖాయియే," అన్నాడు. జోడు అమ్ముకునే మనిషి జోడు వద్దని చెబుతున్నాడు. ఆ మాటకి నేను అక్కణ్ణించి సరాసరి ఆసుపత్రికి వెళ్ళాల్సింది.

వెళ్ళలేదు. వెళితే కాగితం మీద ఎక్కుతుంది. రెండు నెలల్లో నా మెడికల్ ఉంది. కాగితం మీద ఎక్కిన కన్ను ఇక క్రేన్ ఎక్కదు. నా కళ్ళ ముందు స్టూలు కనిపించింది. చూపు మసకబారింది గాని ఆ స్టూలు మాత్రం ఎంత బాగా కనిపించిందో చెప్పలేను.

ఇంటికొచ్చి నాన్న నేర్పిన వరసలు పార్వతికి అప్పజెప్పాను. రెండు చోట్ల తప్పు పోయింది. మర్నాడు హేమని అడిగాను, మీ షాపులో కంప్యూటర్లో కంటి చార్టు దొరుకుతుందా అని. తను ఆ సాయంత్రమే పెద్ద కాగితం మీద ప్రింటు తీసి తెచ్చి, పడగ్గది తలుపు వెనక అతికించింది. "మెడికల్‌కి ప్రాక్టీసా నాన్నా?" అంది. అవునన్నాను. తండ్రి పరీక్షకి చదువుకుంటున్నాడని దానికి నవ్వులాట. స్కేలు పట్టుకుని అక్షరం చూపించేది, నేను మంచం మీంచి చెప్పేవాణ్ణి. ఎడమకన్ను తెరిచి ఉంచి చెబుతున్నానని దానికి తెలియదు. పార్వతికి తెలుసు. వంటింట్లోంచి వినేది, ఒక్క మాట అనేది కాదు. ఒకసారి మాత్రం పప్పు గిన్నె దించి, "మావా, రెండో కన్నుకీ అలగే అయితే?" అంది. నేను కసిరాను. అపశకునం పలకొద్దన్నాను.

మెడికల్ రోజు రానే వచ్చింది. ఎడమకన్ను మూశారు. ఎదురుగా వెలుగుతున్న పెట్టె ఉందని మాత్రం తెలిసింది. అందులో ఒక్క అక్షరం లేదు నాకు. తెల్లటి పొగ. నేను గొంతు సవరించుకుని పై నుంచి మొదలుపెట్టాను. మరీ గడగడా చెప్పకుండా, నిజంగా చూస్తున్నవాడిలా కాస్త తల వంచి, కళ్ళు చికిలించి చెప్పాను. చివరి వరసలో ఒక అక్షరం దగ్గర కావాలనే తడబడి దిద్దుకున్నాను. అదీ నాన్న నేర్పిందే. ఆ గదిలో నన్ను పరీక్ష చేసిన మనిషి తప్పు ఆవగింజంత కూడా లేదు. అంత చక్కగా అబద్ధమాడితే ఎవరైనా నమ్ముతారు.

పాసయ్యాను. గోల్‌బజార్‌లో మిఠాయి కొని ఇంటికి తీసుకెళ్ళాను. హేమ తిన్నది. పార్వతి డబ్బా మూత కూడా తియ్యలేదు.

మాతా పూజ

ఎండలు మొదలయ్యేసరికి కుడికన్ను వెనక నొప్పి దిగింది. దేవతల ఘటాలు వీధుల్లోకి వచ్చాయి. మా తెలుగువాళ్ళ వీధుల్లో ఆ రోజులంటే డప్పులే డప్పులు. ఏటా నేను ఘటం ముందు నడిచేవాణ్ణి. ఆ ఏడు ఒక్కో దెబ్బా కంట్లో పడుతుంటే తలగడ కింద తల దూర్చి పడుకున్నాను. అద్దంలో చూసుకుంటే కుడికన్ను కొద్దిగా ముందుకి తోసుకొచ్చినట్టుంది. పార్వతి పసుపునీళ్ళు తెచ్చి నా కళ్ళకి రాసి, అమ్మవారి వైపు తిరిగి ఏదో మొక్కుకుంది. ఏం మొక్కుకుందో నేను అడగలేదు.

డ్యూటీకి వెళ్ళడం మాత్రం మానలేదు. ఒక కన్నుతోనే క్రేన్ నడిపాను. దూరం అంచనా తెలియదు కాబట్టి అలవాటు మీద నడిపాను. ఇప్పుడు తలుచుకుంటే నా వీపు మీద నేనే చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపిస్తుంది.

ఒక రోజు మధ్యాహ్నం చక్రాల జత దించుతున్నాను. ఇరుసుతో సహా వేలాడే రెండు ఉక్కు చక్రాలు, మనిషి మీద పడితే మనిషని గుర్తుపట్టలేం. నాయుడు కింద ఉన్నాడు. ఆపమని చెయ్యెత్తాడట. ఎర్రగుడ్డ నాకు కనపడలేదు. ఎడమకన్నులో కూడా అది బూడిదరంగులో కలిసిపోయి ఉంది. నేను దించుతూనే ఉన్నాను. కింద అరుపులు వినపడి లివరు వెనక్కి లాగాను.

నిచ్చెన దిగేసరికి నాయుడు నేల మీద కూర్చుని కుడి బూటు విప్పుతున్నాడు. బూటు ముందున్న ఇనుప టోపీ అణిగిపోయింది. వేళ్ళు అందులోంచి ఎలాగో బయటపడ్డాయి, గోళ్ళు నల్లబడ్డాయి అంతే. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి ఏమయిందంటే నాయుడే ముందుగా, "వెల్డింగ్ పొగొచ్చినాది సాబ్, పైనుంచి కనబళ్ళేదు," అన్నాడు. అందరూ వెళ్ళాక నా మొహంలో మొహం పెట్టి చూశాడు.

"నీకు కనబడ్డం లేదు గదా బావా."

నేను వంగి అతని బూటు చేతిలోకి తీసుకున్నాను.

"ఇంక పైకెక్కకు. నేను ఎవులికీ సెప్పను. నువ్వు ఆసుపత్రికెల్లు. బేగెల్లు."

మర్నాడే వెళ్ళాను. స్కాన్ తీశారు. ముక్కు వెనక నిండా ఫంగస్ ఉందని, ఇక్కడ కాదు, కలకత్తా పెద్దాసుపత్రికి వెళ్ళాలని రాశారు. ఫంగస్ అన్న మాట మా వీధిలో పాకేసింది. కరోనా అప్పుడు బ్లాక్ ఫంగస్ అని టీవీలో చూసినవాళ్ళే అందరూ. ఎదురింటావిడ మా గడప తొక్కడం మానేసింది. ఇది అది కాదు, ఇది మెల్లిగా తినేది అని పార్వతి గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పింది. మెల్లిగా తినేదన్న మాటలో ధైర్యం ఏముందో నాకర్థం కాలేదు.

కలకత్తా

పొద్దున్నే హౌరా లోకల్ ఎక్కి ముగ్గురం వెళ్ళాం. ఆసుపత్రి హాలు నిండా జనం. నంబరు తెర మీద వెలుగుతుంది, కళ్ళకి సంబంధించిన వరసలో కూర్చున్నవాళ్ళలో సగం మందికి ఆ తెర కనపడదు. ఇది ఎవరికి తోచిందో గాని, మేమంతా పక్కవాళ్ళని అడుగుతూ కూర్చున్నాం. హేమ కాగితాల కోసం ఒక కిటికీ దగ్గర, పార్వతి ఇంకో కిటికీ దగ్గర నిలబడ్డారు. నా పక్కన ఒక ముసలి బెంగాలీ ఆవిడ కూర్చుంది. నేను రెండుసార్లు లేచి కూర్చోవడం చూసి, నా చేతిలో చీటీ తీసుకుని చదివి, "బొషున్ దాదా, ఆమి దేఖ్‌ఛి," అంది. మీరు కూర్చోండి, నేను చూస్తున్నాను అని. తన నంబరు వచ్చి వెళ్ళిపోయే ముందు తన వెనకామెకి నా నంబరు అప్పగించి మరీ వెళ్ళింది. ఆమె మొహం నేను చూడలేదు. నా చీటీ తిరిగి ఇచ్చినప్పుడు ఆమె వేలి ఉంగరం నా చేతికి తగిలింది, అంతే తెలుసు.

డాక్టరమ్మ హిందీలో మాట్లాడింది. స్కాన్ చూసింది, కంట్లో లైటు వేసి చూసింది, కాగితాలు తిరగేసింది. తిరగేస్తున్న చెయ్యి ఆగింది.

"చలికాలంలో మెడికల్‌లో ఈ కుడికన్నుతో చివరి వరస దాకా చదివారా?"

హేమే జవాబిచ్చింది, అవును మేడమ్ అని.

"అయితే చూపు పోయి మూడు నాలుగు నెలలే. నరం పూర్తిగా చచ్చిపోయి ఉండదు. ఒత్తిడి తీసేస్తే కొంత తిరిగి రావచ్చు. ఆశ పెట్టుకోవచ్చు."

హేమ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇన్నావా నాన్నా? తిరిగొస్తాదట." దాని గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. పార్వతి కుర్చీ కదిలిన చప్పుడు కూడా లేదు.

నేను ఊరుకున్నాను. ఆ ఊరుకున్న నిమిషం గురించి రాయొద్దని ముందు అనుకున్నాను. ఆ నిమిషంలో నేను ఆ అబద్ధాన్ని నమ్మాలనుకున్నాను. చలికాలంలో నేను నిజంగానే చదివానేమో, ఈ కన్ను నిజంగానే మూడు నెలల క్రితమే పోయిందేమో అని నా మనసు నాకే చెబుతోంది. కాగితం మీద రాసి ఉంది కదా. కాగితం ప్రకారం నాకు ఆశ ఉంది.

"సెప్పెయ్ మావా," అంది పార్వతి.

"చదవలేదు మేడమ్," అన్నాను. "బట్టీ పట్టి చెప్పాను."

"మరి ఎప్పటి నుంచి కనపడటం లేదు?"

"విశ్వకర్మ పూజకే ఎరుపు పోయింది. మెడికల్ నాటికి ఏమీ లేదు."

హేమ చెయ్యి నా చేతిలోంచి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. పెన్ను మూత పెట్టిన టిక్కు వినపడింది. "ఆపరేషన్ చేస్తాం," అంది. "ఎడమకన్ను కోసం."

బయటికొచ్చాక హాలులో హేమ నా ఎదురుగా నిలబడింది. "అంటే ఆ స్కేలు పట్టుకుని నేను సూపించింది... నా సేతే ప్రింటు తీయించినావు నాన్నా. నా సేతే తలుపుకి అంటింపించినావు." అంతకంటే ఏమీ అనలేదు. ఆ తర్వాత నెల రోజులు నాతో ఏమీ అనలేదు. మందులు టైముకి ఇచ్చేది, చెయ్యి పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్ళేది, మాట మాత్రం లేదు. మాట లేని సేవ ఎలా ఉంటుందో తెలుసా? అన్నం మెతుకుల్లో రాయి తగిలినట్టు ఉంటుంది. ఇక్కడ టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. ఇది కూడా రాయమ్మా, అన్నాను. రాసింది.

ముక్కులోంచే ఆపరేషన్ చేశారు. కళ్ళకీ మొహానికీ కట్లతో కొన్ని రోజులు పడున్నాను. వార్డులో ఒక మాసీ ఉండేది, నేల తుడిచే ఆవిడ. నా మంచం కిందకి వచ్చినప్పుడల్లా నా చెప్పులు తీసి తుడిచి, మళ్ళీ సరిగ్గా అదే చోట పెట్టి, నేల మీద చీపురుకట్టతో రెండుసార్లు తట్టేది. ఇక్కడున్నాయి అని. ఎవరూ చెప్పమని చెప్పలేదు ఆమెకి. నా అంతట నేనే కాళ్ళతో చెప్పులు దొరకబుచ్చుకున్న ఆ ఒక్క పనికే అక్కడ నాకు కాస్త మనిషిననిపించేది.

కట్లు విప్పిన రోజు కుడివైపు అలాగే చీకటి. నేను కాదన్నా ఎక్కడో ఆశ ఉండిపోయింది నాలో, దాన్ని ఆ రోజు పోగొట్టుకున్నాను. ఎడమకన్నుకి కిటికీ వెలుతురూ, అడ్డొచ్చే మనుషులూ మిగిలారు. కొన్ని నెలలు మాత్రలు మింగాలన్నారు. ఎడమది ఇంతకంటే పోకుండా చూస్తామన్నారు, తిరిగొస్తుందని మాత్రం ఎవరూ అనలేదు. ఖరగ్‌పూర్ తిరిగొచ్చాక గోడవైపు తిరిగి పడుకోవడమే నా డ్యూటీ అయింది. అన్నం వద్దనేవాణ్ణి. పార్వతి కలిపి ముద్దలు పెడితే పళ్ళు బిగించేవాణ్ణి. ఒకసారి కంచం నా పక్కన పెట్టి, "నాను సెప్పుంటే ఆగేవోడివా నువ్వు? సెప్పనేదు గదా నాను. నా తప్పు గాదా?" అని ఏడ్చింది. అప్పుడు తిన్నాను. ఆమె కోసం తిన్నానని చెప్పుకోవచ్చు గాని, ఏడుపు ఆపడానికి తిన్నాను.

తలుపు వెనక కాగితాన్ని హేమ చింపేసింది. పరపరా చింపుతున్న చప్పుడు మంచం మీంచి విన్నాను. ఆ రోజే మొదటిసారి మాట్లాడింది. "పోయినాది నాన్నా," అంది.

మళ్ళీ వానలు

డ్యూటీలో చేరాలంటే మళ్ళీ మెడికల్. హేమ నన్ను తీసుకెళ్ళింది. ఎడమకన్ను తెరిచి, కుడికన్ను మూసి కూర్చోబెట్టారు. ఎదురుగా వెలుగుపెట్టె ఉంది. చదవండి అన్నారు. అన్నారో లేదో అక్షరాలన్నీ లేచి నా నోట్లోకి వచ్చేశాయి. పై వరస నుంచి చివరి వరస దాకా ఒక్కటి తప్పకుండా వచ్చేశాయి. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

"కనపడటం లేదు," అన్నాను.

"పైన పెద్ద అక్షరం?"

"అదీ లేదు."

మా ఇంట్లో అక్షరాలు నోట్లో ఉండగా ఆ కుర్చీలో నిజం చెప్పిన మొదటివాణ్ణి నేనే. నాన్నకి చెప్పాలనిపించింది, ఎక్కడున్నాడో.

బయట బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి హేమ కాగితాలకి వెళ్ళింది. పక్కన ఎవరో కూర్చున్నారు. బీడీ వాసనతో పోల్చుకోవడానికి నాకు ముక్కు పోయింది కదా. గొంతు విన్నాకే నాయుడని తెలిసింది.

"బావా, నాకూ ఈ రోజే," అన్నాడు. పలకరింపులయ్యాక దగ్గరికి జరిగాడు. "ఎవులూ ఇనకుండా ఆ ఆకరి వరస ఓపాలి సెప్పు. పైవన్నీ ఎలగోలాగ కనబడతన్నాయి. కిందవే పొగలాగున్నాయి."

"ఎన్నాళ్ళ నుంచి బావా?"

"ఏదోలే. షుగరు గదా నాకూ. సెప్పు బేగి, పిల్సేస్తారు."

"హేమ కాగితం సింపేసినాది."

"కాగితం ఎందుకు? నీకు నోటికొచ్చు గదా, సిన్నప్పటి నుంచీ."

డీ, ఈ, ఎఫ్, పీ, ఓ, టీ, ఈ, సీ. పళ్ళ వెనకాలే నిలబడి ఉన్నాయి ఎనిమిదీ.

"మర్సిపోయినాను," అన్నాను.

"ఏటి?"

"మత్తుమందు ఇచ్చినారు గదా. బుర్రలోంచి అన్నీ పోనాయి."

నాయుడు మెల్లిగా అన్నాడు. "నా బూటు అణిగిపోనప్పుడు నేను మర్సిపోయినానా బావా? పొగొచ్చినాది, కనబళ్ళేదని ఎవుడు సెప్పినాడు?"

"నువ్వే."

"ఆ మాత్రం నువ్వు సెయ్యలేవా?"

"లోనకెల్లి కనబడ్డం లేదని సెప్పు బావా. నీ కాళ్ళు పట్టుకుంతాను."

"అంటే నన్నెల్లి స్టూలు మీద కూకోమంతావు."

"కూకో," అన్నాను.

లోపల్నించి అతని పేరు పిలిచారు. లేచాడు. నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, వెళ్ళొస్తానని అనలేదు. బూట్ల చప్పుడు తలుపు దాకా వెళ్ళి ఆగింది, తర్వాత లోపలికి వెళ్ళింది.

నాయుడు ఫెయిలయ్యాడని పార్వతి చెప్పింది. స్టోర్సులో ఎక్కడో కూర్చోబెట్టారట. ఆ మెడికల్ పుణ్యమా అని కళ్ళ డాక్టరుకి పంపారనీ, చాలాకాలంగా ముదిరిన శుక్లాలు తీసేశారనీ కూడా ఎవరో చెప్పారు. మా ఇంటికి రాడు. పూజకి పిలిస్తే రాలేదు. నేనే హేమ చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి వెళితే, లేడని లోపలి నుంచి వాళ్ళావిడ చెప్పింది. అతని దగ్గు నాకు వినపడింది.

పొద్దున్న ఆరింటికి నేను లేచి వీధరుగు మీద కూర్చుంటాను. నిద్ర ఎలాగూ ఉండదు. ఆ వేళకి నాయుడి సైకిలు వస్తుంది. మా క్వార్టరు ముందు ఆగదు, బెల్లు కొట్టడు. చెవులు రిక్కించి వింటాను. గుంటల రోడ్డది, మొన్నటిదాకా కనపడక దిగి నడిపించుకుంటూ వెళ్ళేవాడు, అడుగుల చప్పుడు పక్కన సైకిలు నడిచేది. వారం నుంచి అడుగులు లేవు. గొలుసు చప్పుడొక్కటే వస్తోంది. తొక్కుకుంటూ వెళుతున్నాడు.